కొత్త దంపతుల గది

ఆ శనివారం పొద్దున రెన్ స్టేషనులో రైలెక్కేటప్పుడు రెజిస్ మనసులో పథకం చాలా సాదాగా ఉంది. సేన్ మాలోలో దిగాలి, హోటల్లో పెట్టె పడేయాలి, ఒదీల్‌ని కిటికీ ముందు నిలబెట్టి ఆమె ముఖం చూడాలి. రెండు రోజులు ఆయిస్టర్లు తిని, ఇసుకలో నడిచి, సోమవారానికి ఇల్లు చేరాలి. ఈలోగా ఒకే ఒక్క అబద్ధం ఎవరి కంటా పడకుండా కాపాడుకుంటే చాలు.

అబద్ధం చిన్నదే. ఏటా వేసవిలో వాళ్లు సేన్ మాలో వెళ్లి కోటగోడ మీద నడిచేవారు. ఒకచోటికి వచ్చేసరికి ఒదీల్ తప్పకుండా ఆగి, ఎదురుగా ఉన్న సన్నటి రాతి మేడ పై అంతస్తులోని గుండ్రటి కిటికీ చూపించి, "చచ్చేలోగా ఒక్క రాత్రి దాని వెనకాల పడుకోవాలి" అనేది. ఆ మేడే 'లాంతరు' హోటలు. తొమ్మిది గదులు. ఆమెకి అరవై నిండుతున్నాయని రెజిస్ ఎవరికీ చెప్పకుండా ఫోన్ చేశాడు.

"ఆ గదా మస్యూ? శని, ఆదివారాల్లో దాన్ని కొత్త దంపతులకే ఇస్తామండీ. మా అత్తగారి కాలం నుంచీ ఉన్న నియమం" అంది హోటలు యజమానురాలు గ్వెనోలా. "మీకు కొత్తగా పెళ్లయిందా?"

రెజిస్‌ది కళ్లద్దాల దుకాణం. పొద్దస్తమానం జనం "ఈ అక్షరం కనబడుతోందా?" అని అడిగితే, కనబడకపోయినా "ఆఁ" అనడం వింటూ ఉంటాడు. ఆ జబ్బు అతనికీ అంటుకుంది కాబోలు. "ఆఁ" అన్నాడు.

చిక్కేమిటంటే, ఒదీల్‌కి లోకంలో రెండంటే పడదు. ఒకటి అబద్ధం, రెండోది పెళ్లి. ఇద్దరూ ముప్ఫై ఏళ్లుగా ఒక ఇంట్లో ఉంటున్నారు. ఇద్దరు పిల్లల్ని పెంచారు. పెళ్లి మాత్రం చేసుకోలేదు. అక్కడ పెళ్లిళ్లు చేసేది మునిసిపాలిటీ. తొలి రోజుల్లోనే ఆమె, "మనిద్దరి మధ్య మునిసిపాలిటీకి ఏం పని?" అని తేల్చేసింది. రెజిస్ మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆమె డ్రైవింగు నేర్పే మనిషి. ఆమె ఆపమంటే ఊళ్లో సగంమంది ఇప్పటికీ ఆగిపోతారు. ఈ చలికాలంలో ఆమె నేర్పే పాత కారు మూలపడింది. దానికి గుస్తావ్ అని పేరు పెట్టుకుని, మనిషి గురించి చెప్పినట్టే చెప్పుకునేది. అది తుక్కులోకి వెళ్లిన రోజున అన్నం ముట్టలేదు.

అదృష్టం కొద్దీ, హోటలు గుమ్మం ముందు ఎవరో వ్యాను అడ్డంగా పెట్టి ఉన్నారు. ఒదీల్ ఆ డ్రైవరుకి పార్కింగు పాఠం చెప్పడానికి ఆగిపోయింది. రెజిస్ ఒక్కడే లోపలికి వెళ్లాడు.

"రండి రండి మస్యూ!" అంది గ్వెనోలా. యాభై దాటిన మనిషి. నెరుస్తున్న జుట్టు ఎత్తి ముడేసుకుంది. "అబ్బాయీ కోడలూ వెనకాల వస్తున్నారా?"

"లేదండీ." రెజిస్ తన బట్టతల తడుముకున్నాడు. "మేమే."

గ్వెనోలా అతన్ని చూసింది. గుమ్మం బయట వ్యాను వాణ్ణి వెనక్కి నడిపిస్తున్న నెరిసిన జుట్టు ఆవిణ్ణి చూసింది. "మీరేనా!" అంది. ఏ పాతికేళ్ల జంటో వచ్చి ఉంటే మామూలుగా తాళంచెవి ఇచ్చి పంపేసేది. ఈ వయసులో పెళ్లి చేసుకుని, చేతిలో చెయ్యేసుకుని తన ఇంటికి వచ్చినవాళ్లని ఆమె ఇన్నేళ్లలో చూడలేదు. చేతిలో చెయ్యి లేదు గానీ, ఆమెకి కనబడింది.

గది గురించి చెప్పాలంటే, ఒదీల్ ఇన్నేళ్లు కింద నిలబడి ఊహించుకున్న దానికంటే బాగుంది. నేలకి పరిచినవి పాత ఓడ చెక్కలు. అడుగేస్తే సన్నగా మూలిగాయి. ఎండలో ఆరేసిన నారబట్ట దుప్పట్లు. గోడమీద ఒక్క బొమ్మ లేదు. ఆ గుండ్రటి కిటికీ ఉండగా ఇంకో బొమ్మ దేనికని ఆ ఇంట్లో ఎవరో ఎప్పుడో అనుకుని ఉంటారు. పోటు మీదున్న సముద్రం కోటగోడని కొడుతోంది. తెల్లటి నురుగు గోడ దాటి లేచి, ఒక్క క్షణం ఆగి, పడిపోతోంది. ఎర్రదీపం దగ్గర ఆగినంతసేపు కూడా మాట్లాడకుండా ఉండలేని ఒదీల్, కిటికీ దగ్గర నిలబడి ఎంతసేపటికీ నోరు విప్పలేదు. ఇలాంటి అబద్ధాలు ఇంకో నాలుగు ఆడొచ్చనిపించింది రెజిస్‌కి.

చాలాసేపటికి ఆమె వెనక్కి తిరిగింది. "పక్కమీద ఈ గులాబీ రేకులేంటి? ఊడ్చి ఎత్తడం మర్చిపోయారా?"

"ఇక్కడి పద్ధతేమో" అన్నాడు రెజిస్. పేపరు కొనుక్కొస్తానని గబగబా కిందికి దిగిపోయాడు.

అసలు కథ అతను పేపరు కొంటున్నప్పుడు మొదలైంది. తువ్వాళ్లు పెట్టడానికి మరివోన్ పైకి వచ్చింది. ఆమె గ్వెనోలాకి పినతల్లి కూతురు. గదులన్నీ ఆమే చూసుకుంటుంది. తువ్వాళ్లు ఓ మూల పెట్టి, వెళ్లకుండా నిలబడింది.

"అడగొచ్చో లేదో మదామ్, మీ ఇద్దరికీ పరిచయం ఎలా అయింది?"

"నా దగ్గర డ్రైవింగు నేర్చుకున్నాడు. మూడుసార్లు పరీక్ష తప్పాడు."

"ఎన్నాళ్లయిందండీ?"

"ముప్ఫై ఏళ్లు దాటింది. అప్పట్నుంచీ నన్ను వదిలితేగా!" ఒదీల్ నవ్వింది.

మరివోన్ నవ్వలేదు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "మీకు పిల్లలు?"

"ఇద్దరు. వాళ్లని స్కూల్లో దింపడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం, అన్నీ రెజిసే చేశాడు. నాకెక్కడ కుదిరేది? నేనూ గుస్తావూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోడ్ల మీదే కదా."

"గుస్తావ్ అంటే…?"

ఒదీల్ ముఖం వాడిపోయింది. "ఈ చలికాలంలో పోయాడు" అంది. కిటికీ వైపు తిరిగింది.

మరివోన్ ఓ తువ్వాలు తీసి కళ్లకి అద్దుకుని, అదే తువ్వాలు చంకలో పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. రెండో మెట్టు దిగేసరికి ఒదీల్ వితంతువైంది. మొదటి అంతస్తుకి వచ్చేసరికి గుస్తావ్ ఊళ్లు తిరిగే మొగుడయ్యాడు. వంటింటి గుమ్మం దగ్గరికి చేరేసరికి రెజిస్ ముప్ఫై ఏళ్లు పెదవి విప్పకుండా ప్రేమించి, పరాయివాడి పిల్లల్ని గుండెల మీద పెంచిన దేవుడయ్యాడు. మొగుడు పోయి ఆరు నెలలు కాలేదే అని మరివోన్‌కి ఒక్క క్షణం అనిపించకపోలేదు. కానీ ముప్ఫై ఏళ్లు ఆగినవాణ్ణి ఇంకో ఆరు నెలలు ఆగమనడానికి ఆమెకి నోరు రాలేదు.

వంటాయన ఫిర్మాన్ గుడ్లు గిలకొడుతున్నవాడల్లా ఆపేశాడు. పెద్ద మనిషి, పొడవాటి మీసాలు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. "ముప్ఫై ఏళ్లా?" అన్నాడు. "ఏమీ అనకుండానా?"

"ఒక్క మాట కూడా అనలేదట!"

ఫిర్మాన్ గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకోకుండానే బయటికొచ్చాడు. పేపరుతో తిరిగొస్తున్న రెజిస్‌ని వసారాలో పట్టుకుని, రెండు చేతులూ పిండి చేతుల్లోకి తీసుకున్నాడు.

"మస్యూ, మీరు మామూలు మనిషి కాదు."

"నేనేం చేశానండీ?"

"ఇంకొకడి పిల్లల్ని సొంత పిల్లల్లా పెంచడం ఎవరివల్ల అవుతుంది!"

"ఇంకొకడి పిల్లలా?"

"చూశారా, మీకు ఆ తేడాయే తెలియడం లేదు. అక్కడే ఉంది మీ గొప్పతనం!" అని ఫిర్మాన్ కళ్లు తుడుచుకుని లోపలికెళ్లిపోయాడు.

మెట్లెక్కుతూ రెజిస్ పిల్లలిద్దరి ముక్కులూ ఒకసారి గుర్తుకు తెచ్చుకున్నాడు. రెండూ తన ముక్కులే. ప్రాణం కుదుటపడింది. కానీ ఈ ఇంట్లో తన అబద్ధం తనకి చెప్పకుండానే ఎదిగిపోతోందని మాత్రం అర్థమైంది. ఇక లాభం లేదు, నిజం చెప్పేసి మామూలు గదిలోకి మారిపోదామని వెనక్కి తిరిగి గ్వెనోలా దగ్గరికి వెళ్లాడు. ఆమె భోజనాల గదిలో చేతిగుడ్డలు మడత పెడుతోంది.

"మదామ్, మీకొక మాట చెప్పాలి. మేము నిజానికి…"

"నాకంతా తెలుసండీ. మీరేం చెప్పక్కర్లేదు." ఆమె ఒక గుడ్డని మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. "నేనే మీకు చెప్పాలి. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ ఈ ఇల్లు నడుపుతున్నాను గానీ, ఎందుకు నడుపుతున్నానో తెలియడం లేదు. ఈ చలికాలానికి అమ్మేద్దామనుకున్నాను. మధ్యాహ్నం మిమ్మల్ని చూశాక, ఇంకా బతుకు అయిపోలేదనిపించింది. ఇంతకీ ఏదో చెప్పబోయారు?"

"ఈ… గుడ్డలు బాగా మడిచారండీ" అన్నాడు రెజిస్.

అదే సమయంలో పెరట్లో బెంచీ మీద ఒదీల్ పక్కన క్లెదెన్ గారు వచ్చి కూర్చున్నాడు. చిన్న పల్లెటూరికి చాలాకాలం మేయరుగా చేసి దిగిపోయిన పెద్దాయన. ఏటా జూన్‌లో లాంతరుకి వస్తాడు. పదవి పోయాక ఆయనకి మిగిలిన బాధ ఒక్కటే. ఉపన్యాసాలు ఉన్నాయి, వినేవాళ్లు లేరు.

"మదామ్, గుస్తావ్ గారి గురించి ఇప్పుడే విన్నాను. నా సానుభూతి."

ఒదీల్ కదిలిపోయింది. రెన్‌లో ఆమె స్నేహితులంతా కారు పోతే ఏడుస్తావా అని నవ్వారు. ఇక్కడెవరో ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి టోపీ తీసి మరీ పరామర్శిస్తున్నాడు! ఎంత సంస్కారం గల హోటలు!

"చాలా థాంక్సండీ. ఎలాంటివాడనుకున్నారు! గడ్డకట్టే చలిలో కూడా ఒక్కసారి తాకితే లేచేవాడు. రోజంతా కుర్రాళ్లు సతాయించినా కిక్కురుమనేవాడు కాదు."

"సహనశీలి" అన్నాడు క్లెదెన్. "ఆఖరికి ఏమైందమ్మా?"

"బ్రేకులు పట్టలేదు."

క్లెదెన్ కళ్లు మూసుకున్నాడు. "భగవంతుడా!"

"కానీ ఒక తృప్తి ఉందండీ. పనికొచ్చే భాగాలన్నీ తీసి ఇంకొకరికి అమర్చారు. నేనే సంతకం పెట్టాను. ఊరికే పారేస్తే ఏం వస్తుంది చెప్పండి?"

పెద్దాయన చటుక్కున లేచి నిలబడి ఆమె చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. మాట రాలేదు. ఉపన్యాసం మాత్రం లోపల పొంగుతూ వచ్చింది.

సాయంత్రం భోజనాల గదిలోకి రాగానే ఒదీల్ ఆగిపోయింది. బయట ఇంకా బోలెడంత ఎండ. బల్లలన్నీ కలిపి ఒకటే పొడుగు బల్ల చేశారు. దానిమీద మంచుగడ్డల్లో ఆయిస్టర్లు, ఉప్పు వెన్న, ఆపిల్ సారా సీసాలు, నిండా పూలు. నడిమధ్యలో ఫిర్మాన్ మధ్యాహ్నమంతా కూర్చుని కట్టిన క్రీము బూరెల గోపురం, చక్కెర పాకం దారాలతో మెరుస్తోంది. ఫ్రాన్సులో అలాంటి గోపురం పెళ్లిభోజనంలో కనబడుతుంది. హోటల్లో దిగినవాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"ఎవరి పెళ్లి?" అంది ఒదీల్, రెజిస్ చెవిలో.

"తర్వాత చెప్తాను. ముందు కూర్చో."

"ఎవరి పెళ్లని అడిగాను."

ఈలోగా క్లెదెన్ గారు గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. ఏళ్ల తరబడి అణిగి ఉన్న ఉపన్యాసం ఒక్కసారిగా కట్ట తెంచుకుంది. రెజిస్ గారి మౌన ప్రేమ. పరాయి పిల్లల మీద ఆయన చూపిన వాత్సల్యం. బ్రేకులు లేని ఆ దుర్దినం. ఈనాడు ఎందరి శరీరాల్లోనో కొట్టుకుంటున్న గుస్తావ్ గారి గుండె. చివరికి అరవయ్యో ఏట తలవంచి ఈ నిరీక్షణకి ఫలమిచ్చిన నవవధువు. బల్ల చుట్టూ ముక్కులు చీదుతున్నారు. మరివోన్ బాహాటంగానే ఏడుస్తోంది.

ఒదీల్ ఏడవలేదు. తల మెల్లిగా రెజిస్ వైపు తిప్పింది. ఆపమన్న చోట ఆపకుండా దొర్లుకుంటూ పోయే శిష్యుల వైపు ఆమె ముప్ఫై ఏళ్లుగా చూస్తున్న చూపు అది. రెజిస్ ఆయిస్టరు చిప్పలోకి చూస్తూ, లోపల చోటుంటే దూరిపోదామనుకున్నాడు.

ఆమె నోరు తెరవబోతుండగా వంటింటి తలుపు తెరుచుకుంది. ఫిర్మాన్ వచ్చాడు. తలకి దువ్వెన పెట్టాడు. ముందుగుడ్డ తీసేశాడు. ముందుగుడ్డ లేకుండా ఆయన్ని గ్వెనోలా కూడా చూడలేదేమో, గ్లాసు దించేసింది.

"మదామ్ గ్వెనోలా" అన్నాడాయన, నేల చూస్తూ. "ఈ మస్యూ ముప్ఫై ఏళ్లు ఆగాడు. నేను మీ వంటింట్లో పద్దెనిమిదేళ్లుగా ఆగుతున్నాను. ఇవాళ ఆయన్ని చూశాక, ఇంకో పన్నెండేళ్లు ఆగడం నావల్ల కాదనిపించింది. మీరు నన్ను చేసుకుంటారా?"

బయట గోడమీద సముద్రపు కాకి ఒకటి కయ్యిమంది. గ్వెనోలా చెంపలు ఎర్రబడ్డాయి. తర్వాత పాలిపోయాయి. ఆసరా కోసం వెతికినట్టు చుట్టూ చూసి, ఆమె కళ్లు ఒదీల్ దగ్గర ఆగాయి.

"మదామ్, మీరు చెప్పండి" అంది చిన్న గొంతుతో. "ఒకసారి పోగొట్టుకున్నాక మళ్లీ రెండోసారి చేసుకోవచ్చంటారా? మీరు చేసుకున్నారు కదా. మీరు ఊఁ అంటే నాకు ధైర్యం."

రెజిస్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. ఒదీల్‌కి అబద్ధం రాదు. నిజం చెబితే ఈ మీసాలాయన పద్దెనిమిదేళ్లకి తెచ్చుకున్న ధైర్యం ఈ బల్ల మీదే చచ్చిపోతుంది. ఒదీల్ లేచి నిలబడింది.

"రెండోసారి సంగతి నాకు తెలీదమ్మా. నేను మొదటిసారే చేసుకోలేదు."

ఎవరికీ అర్థం కాలేదు.

"ఈ మనిషితో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నాను. పిల్లలిద్దరూ ఇతని పిల్లలే. ముక్కులు చూస్తే మీకే తెలుస్తుంది. గుస్తావ్ నా కారు."

క్లెదెన్ గారు మెల్లిగా చెయ్యెత్తాడు. "మరి ఆ దానం చేసిన భాగాలు…?"

"గేరుబాక్సు."

రెజిస్ లేచాడు. "తప్పు నాదే. ఆ కిటికీ వెనక ఒక్క రాత్రి పడుకోవాలని ఈమె ఏళ్ల తరబడి అంటోంది. కొత్త దంపతులకే ఇస్తామన్నారు. ఆఁ అనేశాను. ఇప్పుడే ఖాళీ చేసేస్తాం. ఫిర్మాన్ గారూ, నేను ముప్ఫై ఏళ్లు ఎవరికోసమూ ఆగలేదు. నన్ను క్షమించండి."

ఫిర్మాన్ నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాడు. ముందుగుడ్డ కోసం చెయ్యి నడుము దగ్గర వెతుక్కుంటోంది. అది చూసింది ఒదీల్.

"అమ్మా గ్వెనోలా" అంది. "ఇతను అబద్ధమాడాడు. దాని సంగతి నేను ఇంటికెళ్లాక చూసుకుంటాను. కానీ ఇవాళ మధ్యాహ్నం ఆ కిటికీ దగ్గర నిలబడ్డాను చూడు, అరవై ఏళ్లలో నాకెవరూ అంత ఇవ్వలేదు. ఇతనిచ్చాడు, మీరిచ్చారు. నా కారు పోయిందంటే టోపీ తీసిన ఇల్లు మీది. ఇక ఈయన విషయం. పద్దెనిమిదేళ్లు పక్కన పెట్టుకుని చూశావు. ఎవరికైనా పరీక్ష అంతకంటే ఎక్కువ పెట్టను నేను."

గ్వెనోలా ఫిర్మాన్ దగ్గరికి నడిచింది. పద్దెనిమిదేళ్లుగా ఆ వంటింట్లో ఇద్దరి మధ్యా 'మీరు' తప్ప ఇంకో మాట లేదు.

"పద్దెనిమిదేళ్లా?" అంది. "ఇన్నాళ్లూ చేపల గురించీ వెన్న గురించీ మాట్లాడావు, ఈ ఒక్క మాటకే నోరు రాలేదా నీకు? వెళ్లి ఆ కుర్చీలో కూర్చో. ఇవాళ నీకు నేను వడ్డిస్తాను."

'నువ్వు' అన్న మాట విన్నాక ఫిర్మాన్‌కి మిగతాది వినబడలేదు. కుర్చీ లేనిచోట కూర్చోబోతే ఇద్దరు పట్టుకుని సరిగ్గా కూర్చోబెట్టారు. మరివోన్ మళ్లీ ఏడ్చింది. ఆమెకి ఏ కథయినా ఒకటే.

రెజిస్ పెట్టె సర్దుకోవడానికి మెట్ల వైపు వెళ్లబోతే గ్వెనోలా ఆపింది. "ఎక్కడికండీ? మా అత్తగారి నియమం పాత దంపతులకి ఆ గది ఇవ్వకూడదని. పెళ్లే కానివాళ్లు పాత దంపతులెలా అవుతారు? ఆ లెక్కన మీరు కొత్త దంపతులకంటే కొత్తవాళ్లు. కూర్చుని తినండి."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. తలో బూరె తీసుకుంటుంటే గోపురం పైనుంచి తరిగింది. ఉపన్యాసం సగంలో ఆగిపోయిన క్లెదెన్ గారికి మాత్రం మనసు మనసులో లేదు. రెజిస్ వైపు వంగాడు. "ఒక సందేహం మస్యూ. మదామ్‌ని అసలు ఎప్పుడైనా అడిగారా మీరు?"

"వద్దని మొదట్లోనే చెప్పేసిందండీ. మునిసిపాలిటీకి ఏం పని అంది."

"అది నీకు లైసెన్సు రాకముందు నేనన్న మాట!" అంది ఒదీల్, బూరె నోట్లో పెట్టుకోబోతూ ఆగి. "మూడుసార్లు తప్పినవాడివి నాలుగోసారి వెళ్లలేదా పరీక్షకి? దీనికి మాత్రం ఒక్కసారితో సరిపెట్టుకున్నావు. అది కూడా నేనే వద్దన్నాను, నువ్వు అడగనేలేదు. మళ్లీ ఎప్పుడైనా అడుగుతావేమోనని ఏళ్ల తరబడి చూశాను. ఇక నీకే ఇష్టం లేదనుకున్నాను."

రెజిస్ ఆమె వైపే చూస్తూ ఉండిపోయాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ కళ్లకి అద్దాలు తానే సరిచేస్తున్నాడు. వాటి వెనక ఏముందో ఇవాళ్టి దాకా చదవలేదు. కిందికి దిగి మోకాలి మీద కూర్చున్నాడు. మోకాలు గట్టిగా చప్పుడు చేసింది.

"ఒదీల్, నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఆమె బూరె పూర్తిగా నమిలి మింగింది.

"ఆలోచించుకుని చెప్తాను" అంది. చెయ్యిచ్చి అతన్ని పైకి లేపింది. లేపిన చెయ్యి వదల్లేదు.

మర్నాడు పొద్దున పోటు తీశాక ఇద్దరూ తడి ఇసుకలో చాలాదూరం నడిచారు. నడుస్తూ నడుస్తూ ఒదీల్ బ్రెస్ట్ నగరంలో ఉన్న కూతురికి ఫోన్ చేసి, మీ నాన్న నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగాడని చెప్పింది. కూతురు తల్లి బుద్ధి పుణికి పుచ్చుకున్న పిల్ల. తొందరపడొద్దని, ముందు మనిషి ఎలాంటివాడో బాగా తెలుసుకోమని సలహా ఇచ్చింది.